పొలం గట్టు కబుర్లు: తుంగ దుంపలు తినొచ్చా?

గత నెల ఈ పేజీలో కలుపు మొక్కల గురించి రాస్తూ, తుంగను పీకి గట్టు మీద పడేసే ముందు దాని అడుగున ఉన్న దుంపను ఒకసారి చూడమన్నాను. వరీ గోధుమా పండించడం నేర్వక ముందు మనిషి కడుపు నింపిన వాటిలో తుంగ జాతి దుంపలు కూడా ఉన్నాయని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే వచ్చాయి. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన రోజుల నుంచీ నాకు బాగా ఇష్టమైన కుటుంబం ఇది. అందుకే ఈసారి పేజీ అంతా తుంగకే ఇచ్చేస్తున్నాను.

అమ్మా, మాది సముద్రం దగ్గర ఊరు. గింజలు దొరకని రోజుల్లో ఇసుక నేలల్లో బఠాణీ గింజంత గడ్డలు తవ్వుకొచ్చి కాల్చుకు తినేవాళ్లమని మా నాయనమ్మ చెప్పేది. పేరు అడిగితే "ఏదో గడ్డి గడ్డలేవే" అనేది. అవేమిటి? ఇప్పుడూ దొరుకుతాయా?
— ఒక గృహిణి, బాపట్ల జిల్లా

మీ నాయనమ్మగారు చెప్పిన గుర్తులన్నీ పురిగడ్డికి సరిపోతున్నాయి. శాస్త్రనామం సైపరస్ బల్బోసస్. తమిళ తీరంలో దీన్నే శీలంది అరిసి అంటారు. కోరమండల్ తీరపు మొక్కల గురించి రాసిన పాత ఇంగ్లీషు పుస్తకాల్లో దీని ప్రస్తావన ఉంది. కాల్చినా ఉడకబెట్టినా బంగాళాదుంప రుచి వస్తుందనీ, ఇంత చిన్నవి కాకపోతే మంచి ఆహారంగా పనికొచ్చేవనీ అందులో రాశారు. కరువు వచ్చినప్పుడు ఎండబెట్టి పిండి కొట్టుకునేవారట. ఆ రాసినవాళ్లు చిన్నవి అని తేలిగ్గా అనేశారు గానీ, ఒక పూటకు సరిపడా గడ్డలు ఏరాలంటే ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ ఎంతసేపు ఇసుకలో కూర్చోవాలో ఆలోచించండి. ఆ చాకిరీ ఏ పుస్తకానికీ ఎక్కలేదు. మీ ఇంట్లో మాత్రం మిగిలింది. నాయనమ్మగారు ఇంకేమైనా చెప్పి ఉంటే దయచేసి కాగితం మీద పెట్టండి.

ఇప్పటికీ ఉంటుంది. వానలు పడ్డాక ఇసుక నేలల్లో సన్నటి ఆకులతో కుదురుగా మొలుస్తుంది, మోకాలి ఎత్తు కూడా రాదు. వానలు వెనకబట్టి ఆకు ఎండే వేళకు గడ్డ ముదురుతుంది. అప్పుడు పుల్లతో ఇసుకను పక్కలకు తోసుకుంటూ పోవాలి. మొక్క మొదట్నుంచి దారప్పోగంత సన్నటి తీగలు బయలుదేరి, ఒక్కో తీగ చివర ఒక్కో గడ్డ ఉంటుంది. గబుక్కున లాగితే తీగ తెగి, గడ్డ ఇసుకలోనే ఉండిపోతుంది. గడ్డ మీద ముదురు గోధుమ రంగులో పెళుసు పొరలు. రెండు అరచేతుల మధ్య వేసి నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోయి లోపల తెల్లటి గుజ్జు మిగులుతుంది. పచ్చిది కొరికితే కొంచెం తీపి. వేడి ఇసుకలో వేయించినవి కమ్మగా ఉంటాయి.

ఇదే మొక్క ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎర్ర నేలల్లోనూ ఉంది. అక్కడి అరెర్‌న్టె ప్రజలు దాన్ని యల్కె అంటారు. ఏటి ఒడ్డున తవ్వి, పచ్చివి తింటారు, లేదా వేడి బూడిదలో కాల్చి, చేతుల మధ్య నలిపి పొట్టు తీసి తింటారు. మీ ఊరికీ ఆ ఎడారికీ మధ్య ఒక మహాసముద్రం ఉంది, తినే పద్ధతి మాత్రం ఒక్కటే.

ఒక్క హెచ్చరిక చేయాలి. అదే తీరపు ఇసుకలో అడవి ఉల్లి కూడా పెరుగుతుంది, కొందరు నక్కవుల్లి అంటారు. అది గుండె మీద పనిచేసే విషం. పెద్ద గడ్డ అయితే పిడికెడు ఉంటుంది కాబట్టి ఎవరూ పొరబడరు. చిన్న పిలకలతోనే ప్రమాదం. గడ్డ నేరుగా మొక్క అడుగునే ఉండి, ఆకు వెడల్పుగా మెత్తగా ఉంటే వదిలేయండి. ఇళ్ల ముందు పెంచే వాన లిల్లీ గడ్డలు కూడా విషమే. సన్నటి తీగ చివర గడ్డ, దానికి పైన మూడంచుల కాడ, ఈ రెండూ కనిపిస్తేనే ముట్టుకోండి. పిల్లల చేత ఏరించవద్దు.

మేడమ్ గారూ, తుంగతో మేం చస్తుంటే మీరు తినమంటున్నారు. రెండెకరాల చెలకలో ఎన్నిసార్లు గుంటక తోలినా వారానికల్లా మళ్లీ పచ్చగా లేస్తది. దీన్ని తినుడు సంగతి తర్వాత, చంపే ఉపాయం చెప్పండి.
— ఒక రైతు, సూర్యాపేట జిల్లా

మీ కోపం న్యాయమైనది. మీ చెలకలో ఉన్నది సైపరస్ రోటండస్, మామూలు తుంగ. 1977లో కలుపు శాస్త్రవేత్తలు ప్రపంచంలోని మొండి కలుపు మొక్కలకు వరస కట్టినప్పుడు మొదటి స్థానం దీనికే ఇచ్చారు. 90కి పైగా దేశాల రైతులు దీనితో వేగుతున్నారు.

గుంటకకు లొంగకపోవడానికి కారణం నేల లోపల ఉంది. ఒక మొక్కను జాగ్రత్తగా తవ్వి చూడండి. దుంప, దాన్నుంచి గట్టి తీగ, మళ్లీ దుంప, అలా పూసల దండలా సాగుతుంది. దండ తెగకుండా ఉన్నంతసేపూ కొస దుంప మిగతావాటిని మొలవనీయదు. గుంటక వచ్చి దండను తెంపగానే ప్రతి దుంపకూ స్వతంత్రం వచ్చినట్టే. ఒకటి పోయి పది లేస్తాయి. అందుకని ఒక్కసారి తోలి ఆపడం కన్నా అసలు తోలకపోవడమే నయం. చేయదలిస్తే ఎండాకాలంలో చేయండి. లోతుగా దున్ని, దుంపలను పైకి తెచ్చి, ఎర్రటి ఎండకు వాటిని ఎండనిచ్చి, మళ్లీ మొలక కనిపించగానే మళ్లీ దున్నాలి. దుంపలు ఎక్కువగా పైన జానెడు లోతులోనే ఉంటాయి, ఎండకు తట్టుకోలేవు. తుంగకు నీడ కూడా గిట్టదు. త్వరగా కమ్ముకునే పైరు వేస్తే అది నీరసిస్తుంది.

ఇక తినే సంగతి. ఈ దుంప చేదు, ఘాటు. కోసి వాసన చూస్తే మీ ఇంట్లో పెళ్లికూతురికి రాసిన సున్నిపిండి గుర్తొస్తుంది, ఎందుకంటే అందులో కచ్చూరాలతో పాటు వేసేది ఈ తుంగముస్తలనే. అంత ఘాటున్నదాన్ని జనం ఎందుకు తిన్నారని మీకు అనుమానం రావచ్చు. తిన్నారనడానికి సాక్ష్యం వాళ్ల పళ్లే. సూడాన్‌లో ఖార్తూమ్ దగ్గర, తెల్ల నైలు ఒడ్డున అల్ ఖిదే అనే చోట పాత సమాధులు తవ్వారు. ఆ అస్థిపంజరాల పళ్ల మీద గట్టిపడిన పాచిని గీకి పరీక్షిస్తే, అందులో తుంగ దుంపల పిండి పదార్థం ఆనవాళ్లు దొరికాయి. వేటాడి బతికిన రోజుల్లోనూ, వ్యవసాయం వచ్చిన తర్వాతా తింటూనే ఉన్నారు. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అక్కడి రైతుల పళ్లలో పుచ్చులు ఆశ్చర్యపోయేంత తక్కువగా ఉన్నాయి. పళ్లను పుచ్చగొట్టే సూక్ష్మజీవిని అణిచే గుణం తుంగ దుంపకు ఉంది కాబట్టి అది ఒక కారణమై ఉండొచ్చని ఆ శాస్త్రవేత్తల అభిప్రాయం. ఈజిప్టులో అస్వాన్ దగ్గర వాదీ కుబ్బానియాలో అయితే సుమారు 18,000 ఏళ్ల నాటి పొయ్యిల బూడిదలో మాడిన తుంగ దుంపలు దొరికాయి, వాటి పక్కనే నూరుడు రాళ్లు. నైలు వరద తగ్గాక మెత్తటి ఒండ్రులో లేత దుంపలు తవ్వడం తేలిక. లేతవి కాల్చుకు తిన్నా గొంతు దిగుతాయి. ముదిరినవాటిని నూరి వండితే తప్ప లాభం లేదు.

మీరు మాత్రం మీ చెలకలోవి తినకండి. కలుపు మందు కొట్టిన నేల, మురుగు పారే కాలవ గట్టు, ఫ్యాక్టరీ నీళ్లు చేరే కుంట, ఈ మూడు చోట్ల పెరిగిన తుంగ నోట్లో పెట్టుకోదగ్గది కాదు. మందు కొట్టని నేల అయితే, దున్నినప్పుడు పైకొచ్చిన దుంపలను ఏరి, ఎండబెట్టి, సన్న వేళ్లు మంట మీద కాల్చేసి శుభ్రం చేస్తే మూలికల వ్యాపారులు కొంటారు. కూలి గిట్టుబాటు అవుతుందో లేదో ముందే ధర కనుక్కోండి.

మరో మాట. కాలిఫోర్నియాలో ఓవెన్స్ లోయ అని ఉంది. అక్కడి పాయూట్ ప్రజలు తెల్లవాళ్లు రాక ముందు, కొండ వాగులకు అడ్డుకట్ట వేసి, కాలవలు తవ్వి, పచ్చిక మైదానాలకు నీళ్లు పారించేవారు. ఆ నీళ్లు పెట్టిన మొక్కల్లో తుంగకు దగ్గర చుట్టం, తియ్యటి దుంపల రకం ఒకటి. నేల దున్నలేదు, విత్తనం చల్లలేదు. ఊరంతా కలిసి ఏటా వసంతంలో ఒకణ్ణి నీళ్లు పెట్టేవాడిగా ఎన్నుకునేవారు. మన చెరువుల కింద నీరటికాడు ఉండేవాడు చూడండి, అలాంటి మనిషి. తుంగ కోసం నీళ్లు పెట్టినవాళ్లు ఉన్నారని వింటే మీకు నవ్వొస్తుందేమో గానీ, వాళ్లకది పంటే.

మా బాబుకి బాదం, జీడిపప్పు పడవు. ఆన్‌లైన్‌లో టైగర్ నట్స్ అని ముడతలు పడిన చిన్న గింజలు అమ్ముతున్నారు, ఇవి నట్స్ కావు, తుంగ దుంపలని రాశారు. నిజమేనా? వీటితో పాలు ఎలా చేయాలి?
— ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

నిజమే. సైపరస్ ఎస్క్యులెంటస్ అనే తుంగ దుంప అది. ఇందాక చెప్పిన తియ్యటి చుట్టం ఇదే. పప్పుల జాతి కాదు కాబట్టి పప్పులు పడనివాళ్లు చాలామంది తింటారు. కానీ మీ బాబుకు వైద్యుణ్ణి అడక్కుండా మొదటి గింజ కూడా పెట్టకండి. పప్పులు ప్యాక్ చేసిన యంత్రాల మీదే వీటినీ ప్యాక్ చేస్తే పొడి అంటుకుని ఉండొచ్చు, ఆ సంగతి ప్యాకెట్ మీద చూడండి. పీచు కూడా ఎక్కువ. మొదటిరోజే గుప్పెళ్లు తింటే పెద్దవాళ్లకైనా కడుపు ఉబ్బరిస్తుంది.

పాలు చేయడంలో స్పెయిన్‌లోని వలెన్సియా వాళ్లను మించినవాళ్లు లేరు. అక్కడ దుంపను చూఫా అనీ, పాలను ఓర్చాతా అనీ అంటారు. వలెన్సియా నగరం పక్కనే ఆల్బొరాయా అనే ఊరి చుట్టూ ఇసుక కలిసిన పొలాల్లో ఏప్రిల్ నుంచి నాటుతారు, నవంబరు నుంచి తవ్వుతారు. తవ్విన దుంపలను కడిగి మూడు నెలల పాటు గాలి ఆడే అటకల మీద ఆరబోసి, రోజూ తిరగేస్తారు. పచ్చి దుంపలో లేని తీపి, ముడతలు పడ్డాక వస్తుంది. మీకు దొరుకుతున్నది అలా ఎండినదే.

పావు కిలో దుంపలు రెండు మూడు నీళ్లు మార్చి బాగా కడగండి, ముడతల్లో మట్టి ఉంటుంది. రాత్రంతా నానబెట్టండి, గట్టిగా ఉంటే ఒక రోజంతా. నానిన నీళ్లు పారబోసి, కొద్ది కొద్దిగా నీళ్లు పోస్తూ మిక్సీలో మెత్తగా రుబ్బండి. మొత్తం ఒక లీటరు నీళ్లు పట్టిస్తే చాలు. పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండి, రుచికి చక్కెర కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లగా తాగాలి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, ఇందులో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి వేడి తగలగానే గంజిలా చిక్కబడుతుంది. అదే కారణాన నిలవ ఉండదు, మర్నాటికల్లా తాగేయాలి. పిప్పి పారేయకండి, రొట్టె పిండిలో కలుపుకోవచ్చు.

నైజీరియాలో హౌసా ప్రజలు ఇదే పాలలో అల్లం, ఖర్జూరం, కొబ్బరి వేసి కునున్ ఆయా చేస్తారు. నాకు ఓర్చాతా కన్నా అదే నచ్చుతుంది, అల్లం మహిమ అనుకుంటాను. ఈజిప్టులో దీనికి కనీసం మూడున్నర వేల ఏళ్ల చరిత్ర ఉంది. లక్సర్ దగ్గర రెఖ్‌మిరే అనే మంత్రి సమాధి గోడల మీద ఈ దుంపల పిండితో రొట్టెలు చేస్తున్న పనివాళ్ల బొమ్మలు వరసగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొలవడం, దంచడం, తేనె కలపడం, కాల్చడం అన్నీ చూపించారు.

ఇక్కడ చైనీస్ వంటల్లో వాటర్ చెస్ట్‌నట్ వేస్తారు. మా అత్తగారు అది సింగాడా అంటారు, నేను కాదంటాను. ఎవరిది రైటు?
— ఒక పాఠకుడు, సింగపూర్

మీరే రైటు, కానీ అత్తగారి మాటకూ ఆధారం ఉంది, ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే పేరు. సింగాడా నీటి మీద తేలే మొక్క కాయ, దానికి కొమ్ములుంటాయి. మీరు తింటున్నది ఎలియోకారిస్ డల్సిస్, తుంగ కుటుంబంలో బురదలో ఊరే దుంప. ఈ మొక్కకు ఆకులే కనపడవు, ఆకుపచ్చ గొట్టాల్లాంటి కాడలు మాత్రం నిటారుగా నిలబడి ఉంటాయి. ఎంత వండినా కరకర పోకపోవడం దీని ప్రత్యేకత. దుంపలోని కణాల గోడలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, వేడికి విడిపోవు.

అత్తగారు ఉత్తరాదిన కసేరు తిన్నారేమో అడగండి. పైన నల్లటి తొక్క, వేళ్ల నూగు, లోపల తెల్లగా తియ్యగా ఉండే దుంప. అక్కడ తొక్క తీసి బండ్ల మీద అమ్ముతారు. అది మరో తుంగ, ఆక్టినోస్కిర్పస్ గ్రోసస్. మనిషి ఎత్తు పెరిగే ఆ మొక్క మన చెరువుల అంచుల్లోనూ ఉంది, తెలుగులో గుండతుంగ అన్నారు. సామర్లకోటలో కంపెనీ తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ దీనికి కసేరు పేరునే లాటిన్‌లోకి మార్చి స్కిర్పస్ కైసూర్ అని పెట్టాడు. కాడలు చాపలకు వాడుకుంటూ దుంపను మనం ఎందుకు మరిచిపోయామో నాకు బాధగా ఉంటుంది.

బురద దుంపలేవీ పంటితో తొక్క ఒలిచి పచ్చిగా తినకండి. పేగుల్లో చేరే ఒక పెద్ద పురుగు పిల్లలు నీటి మొక్కల తొక్కల మీద అంటుకుని ఉంటాయి. కత్తితో ఒలిచి, మరిగే నీళ్లలో వేసి తీస్తే భయం లేదు.

తుంగకూ మామూలు గడ్డికీ తేడా ఎలా తెలుస్తుంది? కొల్లేటి జమ్ము కూడా తుంగేనా?
— డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి తిప్పు తల్లీ. మూడు అంచులు తగిలితే తుంగ. గడ్డి కాడ గుండ్రం, దానికి కణుపులుంటాయి. తుంగ ఆకులు పై నుంచి చూస్తే మూడు వైపులకు పోతాయి, గడ్డి ఆకులు రెండు వైపులకే. ఇందాక చెప్పిన గొట్టాల మొక్కలాంటివి ఈ లెక్కకు అందవు. జమ్ము వేరే కుటుంబం, తుంగ కాదు. కానీ పుస్తకాల్లో నువ్వు చదివే పాపిరస్ తుంగే. ఈజిప్టువాళ్లు దానితో కాగితం చేసేవారు. పైభాగాన్ని కోసి వేరే పనులకు వాడుకుని, అడుగున మూరెడు ముక్కను తినేవారనీ, ఎర్రగా కాగిన పొయ్యిలో కాల్చుకుంటే ఇంకా రుచి అనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

పరీక్షల్లో ఎవరూ అడగనిది ఒకటి చెబుతాను. జోర్డాన్ ఎడారిలో షుబయ్కా అనే చోట 14,400 ఏళ్ల నాటి రాతి పొయ్యిలో మాడిన రొట్టె తునకలు దొరికాయి. అంటే వ్యవసాయం మొదలవడానికి నాలుగు వేల ఏళ్ల ముందు. అడవి బార్లీ, అడవి గోధుమ గింజల పిండిలో తుంగ జాతి దుంపల పిండి కలిపి కాల్చారు. మనకు తెలిసినంతలో మొట్టమొదటి రొట్టె అది.

జ్వరం వస్తే మా తాతగారు తుంగముస్తలు వేసి నీళ్లు కాచేవారు. మంచిదేనా?
— ఒక పాఠకుడు, నంద్యాల

ఆయుర్వేదంలో షడంగ పానీయం అని ఉంది. ముస్తలు, పర్పాటకం, వట్టివేరు, చందనం, కురువేరు, శొంఠి వేసి కాచిన నీళ్లు, జ్వరంలో దాహానికి ఇస్తారు. మీ తాతగారిది ఆ దారే. మోతాదు వైద్యుడు చెప్పాలి, నేను చెప్పకూడదు.

చూఫా మిద్దె మీద పెంచుకోవచ్చా?
— ఒక టీచరు, రాజమహేంద్రవరం

హాయిగా పెరుగుతుంది. వేయించనివి, తొక్క తీయనివి కొని ఒక రోజు నానబెట్టండి. ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలో రెండంగుళాల లోతున పెట్టి, ఎండ బాగా తగిలే చోట ఉంచండి. నాలుగైదు నెలలకు ఆకు పసుపు తిరుగుతుంది. అప్పుడు నీళ్లు ఆపి, మట్టి ఆరాక తొట్టిని గుడ్డ మీద బోర్లించి జల్లెడ పట్టండి. జల్లెడలో తప్పిపోయిన చిన్న దుంపలు మట్టిలో ఉండనే ఉంటాయి. ఆ మట్టిని మళ్లీ అదే తొట్టిలో పోసుకోండి గానీ, పెరట్లోనో పొలంలోనో పారబోయకండి. ఇది కూడా తుంగే, ఒకసారి నేల పట్టిందంటే సూర్యాపేట రైతుగారి కష్టం మీకూ వస్తుంది.